వినడమే చదువు: డాన్ చెర్రీ బూర ప్రయాణం

కొన్నేళ్ల కిందటి మాట. మా బడిలో ఐదో తరగతి పిల్లవాడొకడు వరసగా మూడు రోజులు రాలేదు. పక్క ఊళ్లో ఇలవేల్పు కొలుపు జరుగుతుంటే డోలు వాయించే పెద్దల దగ్గరే ఉండిపోయాడు. నాలుగో రోజు వచ్చినప్పుడు వాణ్ని అందరి ముందు నిలబెట్టి, "డోలు కొడితే ఉద్యోగం వస్తదా?" అని అడిగాం. వాడు తల వంచుకున్నాడు. ఏమీ అనలేదు. ఆ ప్రశ్న అడిగిన మేమూ కోయ ఇంట్లో పుట్టినవాళ్లమే. ఆ డోలు చప్పుడు వింటూ పెరిగినవాళ్లమే. కానీ టి.టి.సి. చదివేటప్పుడు పాట, ఆట, వాయిద్యం అన్నిటినీ 'సహపాఠ్య కార్యక్రమాలు' అని రాసుకున్నాం. అవి చదువు పక్కన నడిచేవే తప్ప చదువు కావని మనసులో స్థిరపడిపోయింది.

ఆ తరవాత ఒకసారి తోటి ఉపాధ్యాయుడొకరు ఫోనులో ఒక బూర పాట వినిపించారు. వాయించింది డాన్ చెర్రీ అనే అమెరికా కళాకారుడని చెప్పారు. పాట మాకు పూర్తిగా అర్థం కాలేదు. కానీ వదలబుద్ధి కాలేదు. ఆయన గురించి చదవడం మొదలుపెడితే ముందుగా కంటబడిన సంగతి ఇది: చదువుకునే వయసులో సంగీతం కోసం బడి ఎగ్గొట్టాడని ఆయన్ని శిక్షగా వేరే బడికి పంపారు. ఆ మాట చదవగానే మా బడిలో తల వంచుకుని నిలబడ్డ పిల్లవాడు గుర్తొచ్చాడు. ఈ వ్యాసం అక్కడి నుంచి పుట్టింది.

ఓక్లహోమా అనే పేరు

డొనాల్డ్ యూజీన్ చెర్రీ 1936 నవంబరు 18న అమెరికాలోని ఓక్లహోమా సిటీలో పుట్టారు. తండ్రి నల్లజాతి మనిషి. తల్లి వైపు వంశం చోక్టా. చోక్టాలు అమెరికా మూలవాసుల్లో ఒక పెద్ద జాతి.

ఆ ఊరి పేరు వెనక ఉన్న కథ మన పిల్లలకు తెలియాలి. 'ఓక్లహోమా' చోక్టా భాషలోని మాట. 'ఓక్లా' అంటే జనం, 'హుమ్మా' అంటే ఎరుపు. చోక్టాల సొంత నేల అది కాదు, మిసిసిపీ ప్రాంతం. 1830లో అమెరికా ప్రభుత్వం మూలవాసులను తూర్పు నుంచి పడమటికి తరలించే చట్టం చేసింది. అదే ఏడు చోక్టాలతో ఒప్పందం రాయించుకుంది. 1831 నుంచి మూడేళ్లపాటు వాళ్లను గుంపులు గుంపులుగా నడిపించారు. చలికి, ఆకలికి, కలరాకు వేలమంది దారిలోనే పోయారు. 'ఇది మీ నేల, ఎప్పటికీ మీదే' అని చూపించిన చోటు కూడా 1907 నాటికి ఓక్లహోమా రాష్ట్రంలో కలిసిపోయింది. భూమి పోయింది, భాషలోని మాట మాత్రం రాష్ట్రానికి పేరుగా మిగిలింది. మన వైపు కూడా ఊళ్లు లేకుండా పోయి పేర్లు మిగిలిన చోట్లు ఉన్నాయి గనక ఇది మాకు కొత్తగా తోచలేదు.

భూమి తరవాత పాట వంతు వచ్చింది. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే చోట మూలవాసుల పిల్లల కోసం ప్రభుత్వం వసతి బడి పెట్టింది. అక్కడ పిల్లల జుట్టు కత్తిరించారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. అలాంటి బడులు తరవాత చాలా వచ్చాయి. 1883లో మూలవాసుల క్రతువులను, కొన్ని నాట్యాలను నేరాలుగా లెక్కగట్టే నియమావళి తెచ్చారు.

ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. పడమటికి వెళ్లిన చోక్టాల్లో కొందరు నల్లజాతి బానిసలను వెంట తీసుకెళ్లారు. కాబట్టి చోక్టా రక్తం, నల్లజాతి రక్తం ఒకే ఇంట్లో కలవడమంటే రెండు బాధల చరిత్రలు కలవడమే. వాటి మధ్య ఉన్న చిక్కుముడి కూడా అందులో కలిసే వస్తుంది. డాన్ చెర్రీ చోక్టా పల్లెలో పెరగలేదు. పట్నంలో నల్లవాళ్ల సంగీతం మధ్య పెరిగారు. మూలవాసుల కళాకారుడని ఆయన మీద ముద్ర వేయడం మా ఉద్దేశం కాదు. ఆయన ఏ నేల మీద పుట్టారో చెప్పడమే మా ఉద్దేశం.

బడి ఎగ్గొట్టిన కుర్రాడు

ఇంట్లో సంగీతం ముందు నుంచీ ఉంది. తల్లి, అమ్మమ్మ పియానో వాయించేవారు. తండ్రి ఓక్లహోమా సిటీలో 'చెర్రీ బ్లాసమ్' అనే క్లబ్బు నడిపేవారు. అక్కడికి పేరున్న జాజ్ కళాకారులు వచ్చి వాయించేవారు. 1940లో కుటుంబం లాస్ ఏంజెలెస్‌కు వలస వెళ్లి, నల్లవాళ్లు ఎక్కువగా ఉండే వాట్స్ ప్రాంతంలో స్థిరపడింది.

డాన్ చదవాల్సిన ఉన్నత పాఠశాల పేరు ఫ్రీమాంట్. మనసు మాత్రం జెఫర్సన్ అనే ఇంకో పాఠశాల మీద ఉండేది. అక్కడ శామ్యూల్ బ్రౌన్ అనే సంగీతం మాస్టారు ఉన్నారు. లాస్ ఏంజెలెస్ ఉన్నత పాఠశాలల్లో ఉద్యోగం దొరికిన తొలి నల్లజాతి ఉపాధ్యాయుల్లో ఆయన ఒకరు. పిల్లలతో పెద్ద బ్యాండు కట్టించి, నిజమైన కళాకారుల మాదిరిగా వాయింపించేవారు. డెక్స్టర్ గోర్డన్, ఆర్ట్ ఫార్మర్ వంటి జాజ్ మహామహులు ఆయన శిష్యులే. పాఠశాల వేళల్లో డాన్ అక్కడికి పారిపోయి ఆ బ్యాండులో వాయించేవాడు. గైర్హాజరులు పెరిగాయి. చివరికి దారి తప్పిన పిల్లలను సరిచేసే జేకబ్ రిస్ అనే పాఠశాలకు పంపేశారు. అక్కడ ఆయనకు బిల్లీ హిగిన్స్ అనే ఇంకో కుర్రాడు తోడయ్యాడు. అతడు తరవాత అమెరికాలోనే గొప్ప డ్రమ్ము వాద్యకారుల్లో ఒకడయ్యాడు. శిక్ష వేసిన చోటే జీవితకాలపు జోడీ దొరికింది.

ఉపాధ్యాయులుగా మేము ఇక్కడ కాసేపు ఆగాలి. ఆ పిల్లవాడు ఒక బడి నుంచి పారిపోయిన మాట నిజమే. కానీ వెళ్లింది ఇంకో బడికే. హాజరుపట్టీకి ఆ సంగతి తెలియదు. ఒక మాస్టారి గైర్హాజరు జాబితాలో ఉన్న పిల్లవాడు ఇంకో మాస్టారి దగ్గర మొదటి వరసలో కూర్చుని ఉండవచ్చు.

కట్టిన దారి వదిలిన పాట

జాజ్ గురించి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తేబడినవాళ్ల సంతతి అమెరికా దక్షిణాన, ముఖ్యంగా న్యూ ఓర్లీన్స్ నగరంలో, పుట్టించిన సంగీతం అది. దాని ప్రాణం ఆశువుగా వాయించడంలో ఉంది. ముందు అందరూ కలిసి ఒక పాట వాయిస్తారు. ఆ పాట కింద స్వరాల గుంపులు ఒక వరసలో నడుస్తాయి. వాటిని కార్డులంటారు. ఆ వరస మళ్లీ మళ్లీ తిరుగుతుంటే, దాని మీద ఒక్కొక్కరు అప్పటికప్పుడు కొత్త పాట కట్టుకుంటూ పోతారు. 1950ల నాటికి ఆ వరసలు చాలా జటిలమయ్యాయి. వాటిని ఎంత వేగంగా దాటితే అంత విద్వాంసుడని పేరు వచ్చేది.

టెక్సస్ నుంచి లాస్ ఏంజెలెస్ వచ్చిన ఆర్నెట్ కోల్మన్ దీన్ని ఒప్పుకోలేదు. ఆయన దగ్గర ఉన్నది ప్లాస్టిక్ శాక్సఫోన్. డబ్బు లేక చవకలో కొన్నది. కార్డుల వరస పాటను నడపడం కాదు, పాటే ఎటు పోవాలో చెప్పాలి అన్నది ఆయన పద్ధతి. చాలామంది ఆయనతో వాయించడానికి ఇష్టపడలేదు. వేదిక మీద నుంచి దింపేసిన సందర్భాలూ ఉన్నాయి. డాన్ చెర్రీ మాత్రం పక్కన నిలబడ్డారు. 1958లో వచ్చిన కోల్మన్ మొదటి రికార్డులో ట్రంపెట్ చెర్రీదే.

1959లో 'ద షేప్ ఆఫ్ జాజ్ టు కమ్' వచ్చింది. ఆ పేరుకు 'రాబోయే జాజ్ రూపం' అని చెప్పుకోవచ్చు. శాక్సఫోన్ మీద కోల్మన్, ట్రంపెట్ మీద చెర్రీ, నిలువెత్తు బాస్ మీద చార్లీ హేడెన్, డ్రమ్ముల మీద బిల్లీ హిగిన్స్, మొత్తం నలుగురే. కార్డుల వరసను గుర్తు చేసే పియానో లేదు. అందులోని మొదటి పాటలో డ్రమ్ములు కింద వేగంగా పరుగెడుతుంటాయి. వాటి మీద బూర, శాక్సఫోన్ కలిసి నెమ్మదిగా, ఏడుపు గొంతుతో పాడుతుంటాయి. రెండూ ఒకే మనిషి ఊపిరితో నడుస్తున్నట్టు ఉంటాయి గానీ అచ్చంగా ఒకటి కావు. ఒకటి వెంట్రుకవాసి ముందు, ఇంకొకటి వెంట్రుకవాసి వెనక. మా ఊళ్లో ఆడవాళ్లు రేల పాట అందుకున్నప్పుడు గొంతులు కలిసే తీరు కూడా ఇలాగే ఉంటుంది. అది తప్పని బడిలో చెప్పాం. అది కలిసి పాడే పద్ధతి అని ఆ రికార్డు విన్నాక అర్థమైంది.

1959 నవంబరులో ఈ నలుగురూ న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ అనే చిన్న క్లబ్బులో వాయించడం మొదలుపెట్టారు. రెండు వారాలకని పిలిస్తే రెండు నెలలు దాటింది. నగరంలోని సంగీతకారులంతా వచ్చి విన్నారు. కొందరు మెచ్చుకున్నారు. కొందరు వీళ్లకు వాయించడమే రాదన్నారు. ట్రంపెట్‌లో అప్పటికే మహారాజులా ఉన్న మైల్స్ డేవిస్ కూడా చెర్రీ వాయింపును తేలిక చేసి మాట్లాడారు. 1960 డిసెంబరులో కోల్మన్ ఎనిమిది మందిని రెండు జట్లుగా నిలబెట్టి 'ఫ్రీ జాజ్' అనే రికార్డు చేశారు. ముప్పై ఏడు నిమిషాలు ఆగని వాయింపు అది. అందులోనూ చెర్రీ ఉన్నారు. ఆ రికార్డు పేరే తరవాత ఆ ధోరణి మొత్తానికి పేరయింది.

చిన్న బూర

డాన్ చెర్రీ అనగానే గుర్తొచ్చేది ఆయన చేతిలోని చిన్న ట్రంపెట్. దాన్ని పాకెట్ ట్రంపెట్ అంటారు. చూడటానికి పిల్లల ఆటవస్తువులా ఉంటుంది. కానీ అందులో గొట్టం పొడవు మామూలు ట్రంపెట్‌కు ఉన్నంతే, సుమారు నాలుగున్నర అడుగులు. దాన్నే ఎక్కువ చుట్లు చుట్టి చిన్నగా చేస్తారు. గొట్టం పొడవు మారదు గనక స్వరం మారదు. ఎనిమిదో తరగతి సైన్సు మాస్టారు ధ్వని పాఠం చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ వాడుకోవచ్చు.

చెర్రీ బూర మిగతావాళ్ల బూరలా మెరవదు. కాస్త బొంగురుగా, కాస్త తడబడుతూ, మనిషి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పై స్వరాలు అందుకుని జనాన్ని అదరగొట్టడం ఆయన పని కాదు. ఎదుటివాడు వాయించిన ముక్కను పట్టుకుని, దానికి జవాబు చెప్పి, మళ్లీ వాడికే అందించడం ఆయన పని. జాన్ కోల్ట్రేన్, సోనీ రోలిన్స్, ఆల్బర్ట్ ఐలర్ ముగ్గురూ ముగ్గురు వేరువేరు మనుషులు, ముగ్గురూ శాక్సఫోన్ దిగ్గజాలు. 1960 నుంచి 1964 లోపు ముగ్గురి పక్కనా చెర్రీ నిలబడి వాయించారు. అందరూ తమ పక్కన కోరుకునేది బాగా వినేవాణ్నే.

చిన్న రేడియో, పొడుగు పాట

1960ల నడుమ చెర్రీ యూరప్‌లో ఎక్కువగా ఉన్నారు. పారిస్‌లో ఆయన కట్టిన జట్టులో ఒకరు అర్జెంటీనా, ఒకరు జర్మనీ, ఒకరు డెన్మార్క్, ఒకరు ఇటలీ. అందరికీ వచ్చిన ఒకే భాష లేదు. ఆయన దగ్గర షార్ట్‌వేవ్ రేడియో ఉండేది. దాంట్లో ఏ దేశపు పాటలు దొరికితే అవి వినేవారు. చెవికి పట్టిన వరసను మర్నాడు జట్టు ముందు వాయించేవారు. కాగితం మీద రాసి ఇవ్వడం కాదు, వాయించి వినిపించడమే. వాళ్లు విని పట్టుకోవాలి.

ఇలా పుట్టిన పద్ధతితోనే 1965 డిసెంబరులో 'కంప్లీట్ కమ్యూనియన్' రికార్డు చేశారు. అప్పటిదాకా జాజ్ రికార్డు అంటే ఎక్కువగా విడివిడి పాటలే. ఇందులో రికార్డుకు ఒక్కో వైపు ఇరవై నిమిషాల చొప్పున ఆగకుండా నడిచే ఒకే వాయింపు. లోపల నాలుగైదు పాటలు ఒకదాని నుంచి ఒకటి పుట్టుకొస్తాయి. ఎప్పుడు మారాలో బూరతో సైగ వస్తుంది, మిగతావాళ్లు వెంటనే అందుకుంటారు. రాత్రంతా సాగే మా వేల్పుల కథలో డోలు దెబ్బ మారగానే కథ మలుపు తిరగడం మాకు తెలుసు. అందుకే ఈ ఇరవై నిమిషాల వాయింపు చదువుకున్న మిత్రులకు కష్టంగా తోచినా, మాకు అంత కష్టమనిపించలేదు.

1968లో బెర్లిన్‌లో చేసిన 'ఎటర్నల్ రిథమ్'లో ఇండోనేషియా గమెలాన్ కంచు వాయిద్యాలను, రకరకాల పిల్లనగ్రోవులను జాజ్‌లోకి తెచ్చారు. తుర్కియే డ్రమ్ము వాద్యకారుడు ఓకాయ్ తెమిజ్‌తోనూ, వర్ణవివక్ష పాలన నుంచి తప్పించుకుని వచ్చిన దక్షిణాఫ్రికా బాస్ వాద్యకారుడు జానీ డ్యానీతోనూ జట్టు కట్టారు. హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఆయన రికార్డులో 'మానుష రాగ కాంభోజి' అనే పేరుతో ఒక పాట ఉంది. 'వరల్డ్ మ్యూజిక్' అనే వ్యాపారపు పేరు లండన్‌లో రికార్డుల కంపెనీల వాళ్లు కూర్చుని పెట్టుకున్నది 1987లో. చెర్రీ ఆ పనిని అంతకు ఇరవై ఏళ్ల ముందే, ఆ పేరు లేకుండానే చేస్తూ ఉన్నారు.

బడిలో కాపురం

మాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇది. 1963లో స్టాక్‌హోమ్‌లో చెర్రీకి మోకీ కార్ల్సన్ అనే చిత్రకారిణి పరిచయమయ్యారు. తరవాత ఇద్దరూ కలిసి జీవించారు. 1970లో స్వీడన్ దక్షిణాన తోగార్ప్ అనే పల్లెలో మూతపడిన పాత బడి భవనంలో కాపురం పెట్టారు. బడి ఎగ్గొట్టినందుకు శిక్ష పడ్డ మనిషి చివరికి బడినే ఇల్లు చేసుకున్నారు.

అక్కడికి దేశదేశాల సంగీతకారులు వచ్చి ఉండేవారు. చుట్టుపక్కల పిల్లలు వచ్చేవారు. వంట, తోట, కుట్టు, పాట అన్నీ ఒకే కప్పు కింద జరిగేవి. మోకీ పెద్ద పెద్ద గుడ్డల మీద రంగు బట్ట ముక్కలు అతికి కుట్టి బొమ్మలు చేసేవారు. చెర్రీ ఎక్కడ వాయించినా వెనక ఆ గుడ్డలు వేలాడేవి. పిల్లలకు నేర్పాల్సిన పాట మాటలు, స్వరాల పేర్లు కూడా కొన్ని గుడ్డల మీద ఉండేవి. వాళ్ల పిల్లలు కూడా వేదిక మీదే ఆడుకుంటూ పాడుతూ పెరిగారు.

మా డోలీలు వేల్పు కథ చెప్పేటప్పుడు పడిగె పట్టుకుంటారు. గుడ్డ మీద కుట్టిన ఆ బొమ్మలే వంశాల చరిత్ర, అదే మా పుస్తకం. పడిగె లేకుండా కథ నిండదు. మోకీ కుట్టిన గుడ్డల ఫొటోలు చూసినప్పుడు మాకు పడిగెలే గుర్తొచ్చాయి. మోకీ పడిగెలను చూసి ఉంటారని మేము అనడం లేదు. పాటకూ గుడ్డకూ ఉన్న చుట్టరికం చాలా చోట్ల ఉందని మాత్రమే అంటున్నాం. ఇంకో పోలిక కూడా ఉంది. బూర వాయించిన మనిషి పేరు లోకానికి తెలిసింది, గుడ్డ కుట్టిన మనిషి పేరు చాలాకాలం ఎవరూ తలవలేదు. మోకీ 2009లో మరణించారు. ఇద్దరి పనినీ కలిపి న్యూయార్క్‌లో ప్రదర్శన పెట్టి పుస్తకం వేసింది 2021లో.

1971లో స్టాక్‌హోమ్‌లోని ఆధునిక కళల మ్యూజియం వాళ్ల కోసం ఒక గుండ్రటి డేరా వంటి కట్టడం వేసింది. చెర్రీ కుటుంబం వారాల తరబడి అందులోనే ఉండి, వచ్చినవాళ్లతో కలిసి రోజూ పాడింది. స్వీడన్ టెలివిజన్‌లో పిల్లల కార్యక్రమాలు చేశారు. అంతకు ముందు అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కొంతకాలం పాఠం చెప్పారు. 1973లో వచ్చిన 'ఆర్గానిక్ మ్యూజిక్ సొసైటీ' రికార్డులో విద్యార్థుల బృందం కూడా వాయించింది. పెద్ద విద్వాంసులు, నేర్చుకుంటున్న పిల్లలు ఒకే రికార్డులో ఉన్నారు. ఎవరు పాస్, ఎవరు ఫెయిల్ అన్న మాట లేదు.

వేటగాళ్ల వాయిద్యం

1970ల నుంచి చెర్రీ ట్రంపెట్‌తో సమానంగా ఇంకో వాయిద్యం చేతబట్టారు. దాని పేరు దొన్సొ ంగోని. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశపు వేటగాళ్ల వాయిద్యం. అక్కడి బంబారా భాషలో 'దొన్సొ' అంటే వేటగాడు. పెద్ద సొరకాయ బుర్రకు తోలు బిగించి, కర్ర దూర్చి, ఆరు తీగలు కడతారు. కర్ర చివర గలగలలాడే లోహపు రేకు ఉంటుంది. వేటగాళ్ల సాహసాలను, చనిపోయిన వేటగాళ్లను తలుచుకుంటూ దీన్ని వాయిస్తారు. ఒకే చిన్న వరస మళ్లీ మళ్లీ తిరుగుతుంటే దాని మీద పాట నడుస్తుంది.

1978లో చెర్రీ ఇద్దరితో కలిసి 'కోడోనా' అనే జట్టు కట్టారు. సితారు, తబలా వాయించే అమెరికా కళాకారుడు కాలిన్ వాల్కాట్, బ్రెజిల్ వాద్యకారుడు నానా వాస్కొన్సెలోస్ ఆ ఇద్దరు. కాలిన్, డాన్, నానా పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే కోడోనా. మూడు రికార్డులు చేశారు. 1984లో వాల్కాట్ రోడ్డు ప్రమాదంలో చనిపోవడంతో ఆ జట్టు ఆగిపోయింది.

అదే కాలంలో ఇంకో పని జరిగింది. జిమ్ పెప్పర్ అనే శాక్సఫోన్ కళాకారుడు కా, మస్కోగీ అనే మూలవాసుల జాతులకు చెందినవాడు. మీ తాతల పాటలను జాజ్‌లోకి తీసుకురా అని ఆయన్ని ప్రోత్సహించినవాళ్లు ఆర్నెట్ కోల్మన్, డాన్ చెర్రీ. తాత దగ్గర నేర్చుకున్న ప్రార్థన పాటను పెప్పర్ జాజ్‌గా మలిచారు. 1969లో అది రేడియోల్లో మోగింది. 1983లో పెప్పర్ చేసిన 'కమిన్ అండ్ గోయిన్' రికార్డులో చెర్రీ స్వయంగా వాయించారు. ఒకప్పుడు నేరంగా లెక్కగట్టిన పాటల నేల నుంచి వచ్చిన ఒక మనిషి, ఇంకొక మనిషికి 'నీ పాట నువ్వు పాడు' అని చెప్పడం చిన్న సంగతి కాదు. చెర్రీ వారసత్వంలో ఇదే అన్నిటికంటే పెద్దదని మా అభిప్రాయం.

నేర్చుకోవడం, తీసుకోవడం

ఆదివాసీ రచయితలుగా ఇక్కడ ఒక ప్రశ్న అడగకుండా ఉండలేం. లోకంలోని జనాల పాటలన్నీ తీసుకుని వాయించడం సరైనదేనా? మా పాటలను రికార్డు చేసుకుని వెళ్లి, 'జానపదం' అని రాసి, పాడిన మనిషి పేరు ఎగరగొట్టినవాళ్లను మేము చూశాం. కాబట్టి చెర్రీని కూడా ఈ గీటురాయి మీద పెట్టాలి.

ఆయన వైపు చెప్పాల్సింది చాలా ఉంది. యంత్రంతో పట్టుకుని వెళ్లిపోలేదు. గురువు దగ్గర కూర్చున్నారు, జట్టులో వాళ్లను పక్కన నిలబెట్టుకున్నారు. నేర్చుకున్నదాన్ని పిల్లలకు ఉచితంగా పంచారు. దక్షిణాఫ్రికా పియానో కళాకారుడు డాలర్ బ్రాండ్ పాటలు వాయించినప్పుడు ఒకదానికి ఆయన పేరే పెట్టారు.

కానీ లోటు కూడా ఉంది. 'ఆర్గానిక్ మ్యూజిక్ సొసైటీ'లో ఒక పాటకు 'ఉత్తర బ్రెజిల్ క్రతువు గీతం' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఉత్తర బ్రెజిల్ ఒక ఊరు కాదు, ఎన్నో జాతుల నేల. ఏ జాతి, ఏ క్రతువు అన్నది ఆ పేరులో లేదు. ఎవరో మా కొలుపు పాటకు 'తూర్పు తెలంగాణ గీతం' అని పేరు పెడితే మాకు ఎలా ఉంటుంది? ప్రేమతో తీసుకున్నా, పేరు చెప్పకపోతే ఇచ్చినవాళ్లు కనిపించకుండా పోతారు. వినడంలో అంత గొప్పవాడైన మనిషికి కూడా ఈ ఒక్క మెట్టు మిగిలిపోయింది. ఆ మెట్టు ఎక్కడం మన తరం పని.

చివరి రోజులు

చెర్రీ జీవితమంతా వెలుగే అని రాస్తే అబద్ధం అవుతుంది. యువకుడిగా ఉన్నప్పుడే హెరాయిన్ అలవాటైంది. జీవితమంతా దానితో పెనుగులాడారు. దానివల్ల కుటుంబం కష్టపడింది, పని కూడా చెడింది. మత్తు వల్లే కళ వచ్చిందని కొందరు చెబుతుంటారు. మేము దాన్ని నమ్మం. మా ఊళ్లలో సారా ఎన్ని మంచి గొంతులను మింగిందో చూసినవాళ్లం.

అయినా వాయించడం ఆపలేదు. 1976 నుంచి పాత మిత్రులతో 'ఓల్డ్ అండ్ న్యూ డ్రీమ్స్' అనే జట్టు నడిపారు. 1988లో రికార్డు చేసిన 'ఆర్ట్ డెకో', 1990లో 'మల్టీకల్టీ' వచ్చాయి. 1995 అక్టోబరు 19న స్పెయిన్‌లోని మలగాలో కాలేయ జబ్బుతో, 58వ ఏట కన్నుమూశారు. పెంపుడు కూతురు నెనే చెర్రీ, కొడుకు ఈగల్ ఐ చెర్రీ గాయకులుగా లోకమంతా పేరు తెచ్చుకున్నారు. ఇంకో కొడుకు డేవిడ్ ఆర్నెట్ చెర్రీ పియానో కళాకారుడయ్యారు. 2012లో నెనే ఒక స్కాండినేవియా జాజ్ జట్టుతో కలిసి చేసిన రికార్డులో తండ్రి పాట కూడా పాడారు. ఆ జట్టు పేరు 'ద థింగ్'. అది డాన్ చెర్రీ కట్టిన ఒక పాట పేరే.

మా బడికి తెచ్చుకున్నది

ఆయన జీవితం నుంచి మేము తెచ్చుకున్నది ఒక నోటుపుస్తకం. పిల్లవాడు ఇంటి నుంచి ఏ పాట తెచ్చినా, ఏ డోలు దెబ్బ తెచ్చినా అందులో రాస్తున్నాం. పాట పేరు, ఎవరి దగ్గర విన్నాడు, వాళ్లది ఏ ఊరు, ఏ పండుగకు పాడతారు, బయట పాడవచ్చా పాడకూడదా అన్న ఐదు గడులు గీశాం. చివరి గడి పెద్దల మాట విని చేర్చింది. అన్ని పాటలూ అందరి కోసం కాదని వాళ్లు చెప్పారు.

మొదట చెప్పిన ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. కూలి పని చేస్తాడు, కొలుపులకు డోలు వాయిస్తాడు. పోయిన ఏడు బడికి రమ్మని కబురు పంపితే రెండుసార్లు రాలేదు. మూడోసారి వచ్చాడు. పిల్లలకు మూడు దెబ్బలు నేర్పాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే నలుగురు పెద్దల పేర్లు చెప్పాడు. ఇద్దరు ఇప్పుడు లేరు. ఆ నాలుగు పేర్లూ నోటుపుస్తకంలో రాశాం, వాటి కింద అతని పేరు రాశాం. అప్పట్లో మేము గైర్హాజరు వేసిన మూడు రోజులూ అతను ఆ నలుగురి దగ్గరే ఉన్నాడు.

తోటి ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి ఒక్కటే. మీ హాజరుపట్టీలో ఖాళీగా ఉన్న గడి చూసినప్పుడు, ఆ రోజు ఆ పిల్లవాడు ఎక్కడ కూర్చుని ఏమి విన్నాడో ఒకసారి అడగండి.